హాల్లోంచి పెద్ద స్పీకర్లు ఎందుకు వెళ్లిపోయాయి

(అమలాపురంలో స్పీకర్ల మెకానిక్కులు, ఇళ్లలో పాత సెట్లు ఉన్నవారు కలిసి కూర్చున్నచోట చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి.

రిపేరు షాపుల్లో తరచూ వినపడే మాట ఒకటుంది. "ఇప్పటి పిల్లలకి చెవులే లేవండీ, సెల్లులో పాట వింటారు, పన్నెండంగుళాల వూఫరు విలువ వీళ్లకేం తెలుసు" అని. వూఫరంటే బేసు పలికే పెద్ద స్పీకరు. మనకి మనం చెప్పుకోడానికి బాగానే ఉంటుంది గానీ నిజం కాదు. చెవిలో బిగుతుగా దూర్చుకునే మంచి ఇయర్‌ఫోను 30 హెర్ట్జ్ దాకా, అంటే సెకనుకి 30 కంపనాల లోతైన బేసు దాకా, సునాయాసంగా దిగుతుంది. చెవి రంధ్రంలో మిగిలే గాలి ఒకటో రెండో ఘన సెంటీమీటర్లు. అంత కొంచెం గాలిని కదపడానికి పిసరంత డయాఫ్రమ్, అంటే అదిరే పొర, చాలు. మన హాళ్లలో నిలబడ్డ బాక్సులు చాలావరకు 45, 50 హెర్ట్జ్ దగ్గరే చేతులెత్తేసేవి. కాబట్టి రుచి చెడిపోయిందన్న వాదన పక్కన పెట్టేద్దాం.

జరిగిందేమిటంటే, ఆంప్లిఫయరు ఇచ్చే వాటు ధర పడిపోయింది, ఇంట్లో చదరపు అడుగు ధర పెరిగింది. పెద్ద బాక్సు ఆ రెండింటి మధ్యా నలిగిపోయింది. ఇదొక్కటి పట్టుకుంటే మిగతాదంతా దానంతటదే విడిపోతుంది.

అసలు బాక్సు పెద్దగా ఎందుకుండాలి? షోకేసులో దర్జా కోసం కాదండి. హాఫ్‌మన్ అనే ఆయన పేరుమీద ఒక సూత్రముంది, ఇనుప సూత్రం అంటారు. లోతైన బేసు, తక్కువ వాట్లకే గట్టి శబ్దం, చిన్న బాక్సు, ఈ మూడింట్లో ఏ రెండైనా కోరుకోండి, మూడోది వదులుకోవాల్సిందే. లెక్కలో చెప్పాలంటే, బాక్సు ఘనపరిమాణాన్ని అది దిగగల ఫ్రీక్వెన్సీ ఘనంతో గుణిస్తే ఎంతో, సామర్థ్యం, అంటే ఒక్కో వాటుకి వచ్చే శబ్దం, ఆ నిష్పత్తిలో ఉంటుంది. ఒక 10 లీటర్ల బాక్సు 80 హెర్ట్జ్ దాకా పలుకుతోందనుకోండి. దాన్ని 40 దాకా దింపాలి, సామర్థ్యం తగ్గకూడదు అంటే బాక్సు 80 లీటర్లు కావాలి. ఎనిమిదింతలు. అబ్బే, 10 లీటర్లే ఉంచుతానంటే సామర్థ్యం ఎనిమిదో వంతుకి పడిపోతుంది. అంటే 9 డెసిబెల్స్ నష్టం. 10 వాట్లతో వచ్చే శబ్దానికి 80 వాట్లు తోయాలి.

కోను, అంటే ముందుకీ వెనక్కీ కదిలి గాలిని తోసే గిన్నె, దాని వైపు నుంచి చూసినా అంతే. పన్నెండంగుళాల కోను వైశాల్యం సుమారు 530 చదరపు సెంటీమీటర్లు, నాలుగంగుళాల దానిది 50 చిల్లర. పెద్దది ఒక మిల్లీమీటరు కదిలి తోసే గాలిని చిన్నది తోయాలంటే సెంటీమీటరు కదలాలి. దాని వెనక అతికిన తీగచుట్ట, అదే కాయిలు, మూడు నాలుగు మిల్లీమీటర్లు దాటితే అయస్కాంతం గ్యాప్‌లోంచి బయటికొచ్చేస్తుంది. అక్కడితో కథ అయిపోదు, స్వరం ఒక స్థాయి కిందికి దిగిన ప్రతిసారీ, అంటే ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ, అదే శబ్దానికి కోను నాలుగింతలు కదలాలి.

ఇప్పుడు వాటు ధర సంగతి. వాల్వు రేడియోల కాలంలో ఒక ఈఎల్ 84 వాల్వు మహా అయితే ఐదు వాట్లు ఇచ్చేది. వాటు బంగారం. అందుకని చెక్కతో పెద్ద క్యాబినెట్టు కట్టి, ఉన్న ఐదు వాట్లనే గట్టిగా పలికించేవారు. 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ ఏఆర్-1 అనే స్పీకరు తెచ్చాడు. గాలి చొరకుండా మూసేసిన బాక్సు, చాలా వదులుగా వేలాడే కోను. మూతి మూసిన సైకిలు పంపులో గాలి చేతిని వెనక్కి తోసినట్టు, లోపలి గాలే కోనుకి స్ప్రింగులా పనిచేసింది. బీరువాలాంటి క్యాబినెట్లు ఇచ్చే బేసు పుస్తకాల అలమరలో పట్టే బాక్సులోంచి వచ్చింది. బదులుగా వాట్లు ఎక్కువ అడిగింది. అంటే పెద్ద బాక్సు చిక్కిపోవడం నిన్న మొన్న బ్లూటూత్‌తో మొదలవలేదు, 70 ఏళ్ల కిందటే మొదలైంది. ఆ తర్వాత వాటు చవకైన ప్రతిసారీ బాక్సు ఇంకొంచెం చిక్కింది. 2ఎన్3055 ట్రాన్సిస్టరు వచ్చింది, చిక్కింది. ఐసీలు వచ్చాయి, మళ్లీ చిక్కింది.

ఫోర్ డబుల్ ఫోర్ జీరో ఐసీ పేరు ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. శాన్యో వారి ఎల్ఏ4440. 13.2 వోల్టుల మీద నాలుగు ఓముల స్పీకర్లకి పక్కకి ఆరు వాట్లు, రెండు వైపులూ కలిపి ఒకే స్పీకరుకి బ్రిడ్జి చేస్తే 19. కారు స్టీరియో కోసం పుట్టిన ఐసీ, బ్యాటరీ మీద ఆడుతుంది, కరెంటు పోయినా పాట ఆగదు. లోకల్‌గా అసెంబుల్ చేసిన సెట్లన్నీ దాదాపు దీనిమీదే నడిచాయి. వడ్రంగితో బాక్సు చేయించే స్తోమత లేనివాళ్లు మట్టికుండలో స్పీకరు బిగించారు. దాన్ని వెక్కిరించక్కర్లేదండి. కుండ గుండ్రం, మూలలు లేవు. గట్టిగా ఉంటుంది కాబట్టి చవక ప్లైవుడ్డులా అదరదు. మూతి దగ్గర సందు లేకుండా మూస్తే నిక్షేపమైన బాక్సు.

90ల తర్వాత వచ్చిన మూడు డబ్బాల మినీ సెట్ల మీద పీఎంపీఓ, అంటే పీక్ మ్యూజిక్ పవర్ ఔట్‌పుట్, అని వెయ్యి, రెండు వేల వాట్లు వేసేవారు. దానికి ఒక ప్రమాణం అంటూ లేదు, ఎవడికి తోచిన అంకె వాడు వేసుకున్నాడు. సెట్టు వెనక స్టిక్కరు చూడండి. కరెంటు వాడకం 60 వాట్లని ఉంటే అందులోంచి వెయ్యి వాట్ల పాట ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ అంకెల పోటీ పెద్ద బాక్సులకి మేలు చెయ్యలేదు సరికదా, జనానికి వాటి మీదున్న నమ్మకాన్నే తినేసింది. ఇది నా గట్టి అభిప్రాయం.

ఆఖరి దెబ్బ క్లాస్-డి ఆంప్లిఫయరు. తీసుకున్న కరెంటులో 90 శాతం దాకా స్పీకరుకే ఇస్తుంది, హీట్‌సింకు దాదాపు అక్కర్లేదు. దానికి చిన్నదైనా బలమైన నియోడిమియం అయస్కాంతం, లిథియం బ్యాటరీ తోడయ్యాయి. వాటు ఇంక నీళ్లే.

రెండో వైపు, చదరపు అడుగు. మన మండువా లోగిలి ఎలా ఉండేది? ఎత్తైన పెంకుల కప్పు, మధ్యలో ఆకాశానికి తెరిచిన మండువా, చుట్టూ వసారాలు. శబ్దం బయటికి పోవడానికి దారులు బోలెడు. అలాంటి ఇంట్లో పెద్ద బాక్సే పలుకుతుంది, చిన్నది గాల్లో కలిసిపోతుంది. ఇప్పుడు అదే కుటుంబం కాకినాడలోనో భీమవరంలోనో అపార్టుమెంటులో ఉంది. గది 10 అడుగులు, 12 అడుగులు, శ్లాబు ఎత్తు మళ్లీ 10. ఒక గోడకీ ఎదురు గోడకీ మధ్య నిలవ తరంగం, అంటే అటూ ఇటూ తగిలి అక్కడే నిలిచి పెరిగే శబ్దం, పుట్టే ఫ్రీక్వెన్సీ కావాలంటే 343ని గది కొలత మీటర్లకి రెట్టింపుతో భాగించండి. పదడుగులకి 56 హెర్ట్జ్, పన్నెండడుగులకి 47. వెడల్పూ ఎత్తూ రెండూ పదే కాబట్టి 56 దగ్గర రెండు తరంగాలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. అదేచోట డ్రమ్ము పడితే గది మొత్తం బుంయ్‌మంటుంది. నేల విట్రిఫైడ్ టైల్సు, గోడలు పుట్టీ, కిటికీకి గాజు. పీల్చుకునేది ఏదీ లేదు. ఖాళీ గది అయితే ప్రతిధ్వని రెండు మూడు సెకన్లు వేలాడుతుంది. దాన్ని బాక్సు తప్పనుకుని అమ్మేసినవాళ్లు చాలామంది.

పక్క ఫ్లాటుకీ మనకీ మధ్య నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. మాటల శబ్దాన్ని ఆపుతుంది గానీ బేసుని ఆపలేదు. గోడ బరువు రెట్టింపు చేస్తే సిద్ధాంతం ప్రకారం కలిసొచ్చేది ఆరు డెసిబెల్సే. అదీగాక ఎండాకాలం ఫ్యాను ఐదు మీద తిరుగుతుంటే పాటలో మెల్లని భాగాలు ఎలాగూ వినపడవు. మంచి స్పీకరుకీ మామూలు స్పీకరుకీ తేడా తెలిసేది సరిగ్గా అక్కడే.

టీవీ పలచబడటం ఇంకో కారణం. డబ్బా టీవీకి బల్ల ఉండేది, బల్లకి అటూ ఇటూ బాక్సులకి చోటుండేది. టీవీ గోడెక్కాక బల్ల పోయింది, బాక్సులకి నేలే మిగిల్లేదు. పలచని టీవీలో స్పీకరుకి చోటు లేక మాటలే సరిగా వినపడవు, దాంతో సౌండ్ బారు కొన్నారు. అంటే సౌండ్ బారు పెద్ద బాక్సుకి వారసుడు కాదండి, పలచని టీవీకి ఊతకర్ర. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక పాట ఎవరి ఫోనులోకి వారికి వచ్చేసింది. ఇంటిల్లిపాదికీ ఒకే పాట అన్న అవసరమే పోయింది.

మరి చేతిలో పట్టే బ్లూటూత్ స్పీకరు అంత బేసు ఎలా ఇస్తోంది? కొంత నిజం, కొంత కనికట్టు. నిజమేమిటంటే పాసివ్ రేడియేటరు. అటూ ఇటూ కొట్టుకునే రబ్బరు బిళ్లలు ఉంటాయి చూడండి, అవి. కనికట్టు రెండు రకాలు. 50 హెర్ట్జ్ పలకలేకపోతే దాని పై స్వరాలు 100, 150, 200 వినిపిస్తారు, మెదడు 50ని తనే పూరించుకుంటుంది. రెండోది, తక్కువ వాల్యూములో లోపలి చిప్పు బేసుని బాగా ఎత్తి ఇస్తుంది, వాల్యూము పెంచుతుంటే మెల్లిగా లాగేసుకుంటుంది, లేకపోతే కోను చిరుగుతుంది. కావాలంటే ఇంటికెళ్లి చూడండి. డోలు, డప్పు బాగా ఉన్న పాట పెట్టి రబ్బరు బిళ్ల మీద వేలుంచండి. సగం వాల్యూములో వేలికి కొట్టినంత దెబ్బే ఫుల్లులోనూ ఉంటుంది, ఒక్కోసారి ఇంకా తక్కువ. పెరిగేది గొంతులు, తాళాలు మాత్రమే. మోసమనను, అద్భుతమైన ఇంజనీరింగ్. కాకపోతే ఏం వదులుకున్నామో తెలిసి వదులుకోవాలి. వదులుకున్నది గుండెకి తగిలే ఆ కింది స్థాయి, పది మంది కూర్చున్న గదిలో అందరికీ సమానంగా అందే శబ్దం.

పెద్ద బాక్సు చచ్చిపోలేదు లెండి, ఇంట్లోంచి పందిట్లోకి మారింది. ఊరేగింపుల్లో డీజే బండ్ల మీద పద్దెనిమిది అంగుళాలవి నాలుగేసి కనపడుతున్నాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ స్థలాల్లో లౌడ్‌స్పీకరు కూడదు. ఎంతమంది పాటిస్తున్నారో మీకు తెలుసు. (నవ్వులు)

ఇక అటక మీదున్న బాక్సుల విషయం. ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను.

మన తేమకి మొదట పోయేది కోను అంచున ఉండే ఫోము. పాలియురేథేన్ ఫోము గాలిలో తేమతో రసాయనికంగా విడిపోతుంది, వాడినా వాడకపోయినా. పదీ పదిహేనేళ్లు దాని ఆయుష్షు, అంతర్వేది, ఓడలరేవు లాంటి ఉప్పుగాలి చోట్ల ఇంకా ముందే. చూడ్డానికి బాగానే ఉంటుంది. గోరు తగిలిస్తే తడిసిన బిస్కట్టులా వేలికి అంటుకుని ఊడొస్తుంది. అలాంటిదాన్ని ఆన్ చేసి "చూద్దాం" అనుకోకండి. కోను పక్కకి ఒరిగి కాయిలు గ్యాప్‌లో రాసుకుంటుంది, వంద రూపాయల ఫోముతో పోయేది రీకోనింగ్, అంటే కోనూ కాయిలూ మార్చడం, దాకా వెళ్తుంది.

ఫోము తెప్పించేటప్పుడు పన్నెండంగుళాలది అని అడిగితే చాలదు. అతుక్కునే బయటి అంచు, ఉబ్బు మొదలయ్యే చోటు, కోను మీద కూర్చునే లోపలి అంచు, ఈ మూడు వ్యాసాలూ మిల్లీమీటర్లలో కొలిచి ఇవ్వండి. పాత ఫోమునీ గమ్మునీ ఫ్రేము మీంచి బ్లేడుతో గీకి, కోను అంచుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడి గుడ్డతో తుడవాలి. కాగితం కోను అయితే నానబెట్టొద్దు, మెత్తబడ్డ గమ్మును వేలితో ఉండలు చేసి తీసెయ్యండి. తర్వాత కోను మధ్యలో ఉండే గుండ్రటి మూత, డస్ట్ క్యాపు. అంచు రెండు మిల్లీమీటర్లు మిగిల్చి కోస్తే మళ్లీ అతికించడం తేలిక. లోపల కాయిలుకీ నడుమనున్న ఇనుప దిమ్మకీ మధ్య పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్కలు నాలుగో ఆరో సమదూరంలో దించండి. బిగుతుగా ఉండాలి గానీ దూర్చడానికి బలం వాడకూడదు. కోను సరిగ్గా నడిమధ్య నిలుస్తుంది.

ముందు ఫోముని కోనుకి అతికించి ఆరనివ్వాలి. ఆ తర్వాతే ఫ్రేముకి. నీళ్లతో కలిసే తెల్ల గమ్మే వాడండి. అది ఆరడానికి టైము ఇస్తుంది, ఈలోగా సర్దుకోవచ్చు. సెకన్లలో పట్టే గమ్ము వద్దు, సర్దే వ్యవధి ఉండదు, ఆరాక పెళుసై విరుగుతుంది. సరౌండు, అంటే కోను చుట్టూ ఉండే అంచు, రబ్బరుదైతే తెల్ల గమ్ము పట్టదు, రబ్బరు గమ్మే వాడాలి. చుట్టూ బట్టల క్లిప్పులు పెట్టి 24 గంటలు, శ్రావణ భాద్రపదాల్లో అయితే రెండు రోజులు. ఫిల్ము ముక్కలు తీశాక రెండు చేతుల వేళ్లతో కోనుని సమంగా నొక్కి చూడండి. గీసుకుంటున్న చప్పుడు లేకపోతేనే క్యాపు అతికించాలి.

ఒక తప్పు చాలాచోట్ల జరుగుతోంది. ఫోము దొరకలేదని పందిరి స్పీకర్ల గట్టి గుడ్డ అంచు కోను వేసి ఇచ్చేస్తారు. పలుకుతుంది, పాడవదు కూడా. కానీ 30 హెర్ట్జ్ దగ్గర ఊగాల్సిన కోను 50, 60 దగ్గర ఊగుతుంది. ఆ బాక్సు కొలత 30కి కట్టింది. బేసు పోయి బొంగురు మిగులుతుంది, కస్టమరు "మునుపటిలా లేదు బాబాయ్" అంటే వాళ్ల తప్పు కాదు.

రెండోది క్రాసోవరులో, అంటే బేసుని వూఫరుకీ సన్న స్వరాలని చిన్న స్పీకరైన ట్వీటరుకీ పంచే సర్క్యూట్లో, కండెన్సరు. ట్వీటరుకి వరుసలో ఉండే నాన్-పోలార్, అంటే ప్లస్, మైనస్ లేని, కండెన్సరు ఎండిపోతుంది. ఎనిమిది ఓముల ట్వీటరుకి 6.8 మైక్రోఫారడ్లు ఉంటే కోత సుమారు 2,900 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. విలువ సగానికి పడితే 5,800కి జరుగుతుంది, మధ్యలో స్వరాలు పలచబడి గొంతులో జీవం పోతుంది. జనం దాన్ని ట్వీటరు పోయిందనుకుంటారు. మామూలు ప్లస్, మైనస్ ఉన్న కండెన్సరు పెట్టకండి. మీటరుతో పరీక్షించడం తేలికే, ఎనిమిది ఓముల స్పీకరు మల్టీమీటరులో ఐదున్నర నుంచి ఏడు చూపాలి, నాలుగు ఓములది మూడు, మూడున్నర. వూఫరు ధ్రువాలు తెలియకపోతే ఒకటిన్నర వోల్టు సెల్లు ఒక్క క్షణం తాకించండి, కోను ముందుకొస్తే సెల్లు ప్లస్ ఉన్నదే ప్లస్. రెండు బాక్సుల్లో ఒకటి తిరగబడితే బేసు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది.

బాక్సు చెక్క గురించి ఒక్క మాట. పార్టికల్ బోర్డు కింది అంచు ఉబ్బడానికి కారణం గోదావరి వరదే కానక్కర్లేదండి, రోజూ నేల తుడిచే తడిగుడ్డ చాలు. నాలుగంగుళాల స్టాండు మీద పెట్టండి, కింది అంచుకి వార్నిషు పట్టించండి. మూసిన బాక్సు అయితే వూఫరుని మెల్లిగా నొక్కి వదలండి. నిదానంగా వెనక్కొస్తే బాక్సు బాగున్నట్టు, టక్కున వస్తే ఎక్కడో గాలి పోతోంది.

మూల వద్దు. గోడ ఒక్కోటి బేసుని ఆరు డెసిబెల్స్ దాకా ఎత్తుతుంది, మూలలో రెండు గోడలూ నేలా కలుస్తాయి, ఆ బుంయ్ అందుకే. బాక్సుని రెండడుగులు ముందుకి లాగండి. వినేవాళ్లని గది సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టకండి. కిటికీకి మందపాటి తెర, నేల మీద చాప కాదు, తివాచీ.

ఒక శ్రోత: మావి ముప్పై ఏళ్ల నాటి బాక్సులండి. ఉంచుకోమంటారా, ఇచ్చేయమంటారా?

వూఫరు కాయిలు మీటరులో బాగుండి, బాక్సు ఉబ్బకపోతే ఉంచుకోండమ్మా. ఫోము, కండెన్సర్లు మారిస్తే చాలు. కింది పలక ఉబ్బి పొరలు విడిచేసిందనుకోండి, వూఫర్లు, ట్వీటర్లు, క్రాసోవరు విప్పి, అదే లోపలి కొలతలతో 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు బాక్సు చేయించండి. లోపలి ఘనపరిమాణమూ, పోర్టు గొట్టం ఉంటే దాని పొడవూ వ్యాసమూ మారకూడదు. వడ్రంగి అందం కోసం సన్నబరుస్తానంటే ఒప్పుకోకండి. పది అడుగుల గది అయితే మాత్రం, ఇంత చెప్పి కూడా, ఎనిమిదంగుళాల మూసిన బాక్సులే మేలంటాను.

ఇంకొక శ్రోత: పాత ఆంప్లిఫయరుకి బ్లూటూత్ బోర్డు పెడితే సన్నగా కీచుమని వస్తోందండి. బోర్డు మార్చినా అంతే.

బోర్డుది కాదండి తప్పు. దానికి కరెంటు ఆంప్లిఫయరులోంచే తీసుకుని ఉంటారు. కరెంటు గ్రౌండు, ఆడియో గ్రౌండు రెండు దారుల్లో కలిసి చుట్టు తిరుగుతున్నాయి, బోర్డులోని డిజిటల్ రొద ఆ చుట్టులోంచి పాటలో పడుతోంది. విడిగా ఒక ఫోను చార్జరుతో ఇచ్చి చూడండి, చాలావరకు పోతుంది. లోపలే ఇవ్వాలంటే బీ0505ఎస్ అనే చిన్న ఐసొలేటెడ్ కన్వర్టరు మధ్యలో పెట్టండి, ఐదు వోల్టులు లోపలికి, ఐదు బయటికి, గ్రౌండ్లు వేరవుతాయి. అది ఒక్క వాటుదే, 200 మిల్లీ ఆంపియర్లు దాటించకండి. వైరుని ఆక్స్ సాకెట్లో పెట్టండి, రికార్డు ప్లేయరు కోసం ఫోనో అని రాసున్న దాంట్లో పెడితే బేసు ఉబ్బిపోయి పాటంతా చిరిగిపోతుంది.